ఆముదం తగలని పక్క

మా వీధికి మళ్ళీ తారు పోస్తున్నారు. పోయినసారి పోసింది వానకు లేచిపోయిందట. ఆ వాన ఎక్కడ పడిందో నాకైతే కనపడలేదు. పొద్దున్నుంచి డ్రమ్ము కింద మంట, సలసల కాగే తారు, కిటికీలోంచి నేరుగా వంటింటి దాకా వాసన. మా కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని ఒక అగరవత్తి వెలిగించింది. అది చాలదని ఇంకొకటి వెలిగించింది. "ఆర్పు" అన్నాను. "భరించలేకున్నాను అత్తా" అంది. "వాసన మీద వాసన పూస్తే మొదటిది పోతుందా? రెండూ కలిసి మూడో కంపు అవుతుంది. వత్తులు దండగ." ఆమె గొణుక్కుంటూ ఆర్పింది. నేను కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకొని కూర్చున్నాను. ఈ వాసన నాకు తెలుసు. ఇంత ఘాటు కాదు గానీ, కొత్తగా పగిలిన ఒక నల్లరాయిలోంచి ఒకప్పుడు ఇలాంటి వాసనే వచ్చింది. ఆ రాయి వెనకాలే ఒక మనిషి వస్తుంది. ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని, ఇంకో చేత్తో నా వంటింటి పట్టకారు పట్టుకొని, "ముట్టుకోవద్దండి" అని వీధంతా అరుచుకుంటూ వస్తుంది. సుశీలమ్మ టీచరు. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూడకపోవడం మీ అదృష్టమని ఆ రోజుల్లో అయితే అనేదాన్ని.

అప్పట్లో మేము బేతంచెర్లలో ఉండేవాళ్ళం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రాజధాని అక్కడ డేరాల్లో ఉంటే ఉండనీ, మా ఊరికి మాత్రం బండలే లోకం. నేలలోంచి బండ తీయడం, చెక్కడం, లారీకెత్తడం, రైలుకెక్కించడం. మా ఆయన ఒక బండల యార్డులో గుమాస్తా. మామ పోయాక ఊరి బయట మిగిలిన వేరుశెనగ చేను మా అత్త చేతికింద నడిచేది. నేను మూడో తరగతితో బడి మానేసి కాపురానికి వచ్చిన కోడల్ని. ఇంటి ముందు గది ఖాళీగా ఉంటే, బోర్డు స్కూల్లో సైన్సు చెప్పడానికి వచ్చిన సుశీలమ్మ టీచరుకు బాడుగకిచ్చాము. ఆమెది బద్వేలు. మదరాసులో రసాయనశాస్త్రం చదివింది. నలభై దాటిన ఒంటరి మనిషి. పాఠం పుస్తకం మాటల్లో చెప్పేది, కోపం మాత్రం బద్వేలు మాటల్లో వచ్చేది. కోపం రాని పూట తక్కువ కాబట్టి మా ఇంట్లో వినపడిందంతా బద్వేలే.

ఆమెతో నాకు మొదటి తగాదా నీళ్ళ దగ్గర. ఎండాకాలం వస్తే మా బావిలో చేద వేస్తే నీటి చప్పుడు కాదు, రాతి చప్పుడు వచ్చేది. ఈమె ఒక గాజు గ్లాసు కడగడానికి బిందెడు నీళ్ళు ఒంపేది. కడిగినదాన్నే కడిగేది. "టీచరమ్మా, అద్దం మాదిరి ఉండాదే, ఇంగా ఏముందని కడుగుతాండారు?" అంటే, "కంటికి కనపడేది పోయిందమ్మే. కనపడనిది పోవాల గదా" అనేది. "కనపడనిది ఉండాదని మీకెట్ల తెలుసు?" అంటే, "లేదని నీకెట్ల తెలుసు?" అనేది. అన్నీ ఇలాంటి జవాబులే. ఆ నీళ్ళు దండగ పోనివ్వడం నాకు చేతకాదు. ఆమె తూము కింద తొట్టి పెట్టి, నిండినప్పుడల్లా బీరపాదుకు పోసేదాన్ని. పాదు పందిరంతా అల్లుకొని కాసింది. అప్పుడు ఆమె వచ్చి, "నా నీళ్ళకు కాసినాయి, నా పాలు నాకియ్యి" అని సగం కాయలు కోసుకుపోయింది. చదువుకున్నవాళ్ళకు సిగ్గుండదని మా అత్త ఆ రోజే తీర్మానించింది.

ఆ ఏడు చేలో కాయలు పీకే కాలం. మిట్టమధ్యాహ్నం ఒక పేలుడు వినిపించింది. మా ఊళ్ళో పేలుడుకు ఎవరూ తల తిప్పరు, గనుల్లో తోటాలు పేల్చడం రోజూ ఉండేదే. కాకపోతే పేల్చే ముందు ఈల వేయాలి. ఆ రోజు ఈల వినపడలేదని పనివాళ్ళంతా కాంట్రాక్టరు మీదికి గొడవకు పోయారు. "నేను పేల్చలేదప్పా" అని ఆయన మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. ఆ గొడవ సాగుతుండగానే మా అత్త చేని నుంచి కొంగులో ఏదో మూటగట్టుకొని వచ్చింది. మా చేని గట్టు పక్కన పైనుంచి బుస్సుమని పడి రెండు చెక్కలైందట. చిన్న చెక్క అక్కడే పొడిపొడిగా చెదిరింది, పెద్ద చెక్క ఇదీ అని చూపించింది. టెంకాయంత ఉంది. పైన మసిబట్టిన పెంకు, లోపల మెత్తని నలుపు, ఆ నలుపులో ఆవగింజలంత తెల్లచుక్కలు. దగ్గరికి పోతే తారు, కిరసనాయిలు కలిసినట్టు వాసన. రాళ్ళ ఊరు కదా, చూసిన ప్రతివాడూ పరీక్షకుడే. ఒకడు గోటితో గీకాడు. ఒకడు సుత్తి తాకించి చూస్తే అంచు పొడి రాలింది. "ఇది రాయే కాదు పెద్దమ్మా, పాలిషుకు నిలవదు. బొగ్గుముద్ద" అని తేల్చేసి మళ్ళీ కాంట్రాక్టరు దగ్గరికి పోయారు. ఆకాశం నుంచి వచ్చినా సరే, పాలిషుకు నిలవకపోతే మా ఊళ్ళో విలువ లేదు.

మా అత్త మాత్రం దానికొక విలువ కట్టింది. నాకు తొలిచూలు బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత పుట్టినవాడు మా పెద్దోడు, అప్పటికి ఇంకా పాకడం రాలేదు. వాడు తుమ్మితే చాలు, మా అత్త చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి వచ్చేది. పిల్లల బుగ్గన దిష్టికి పెట్టే చాదును సగ్గుబియ్యం మాడ్చి చేస్తారు కదా, ఆమె ఈ రాతి మొనను సాన మీద ఆముదం చుక్కలు వేసి అరగదీసింది. కాటుకకన్నా నల్లగా, నిగనిగలాడుతూ వచ్చింది. "పైనుంచి వచ్చిన రాయి. కిందోళ్ళ కన్ను దీన్ని దాటి పోతాదా?" అని వాడి బుగ్గన పెట్టింది. ఆ వారం వాడి దగ్గు తగ్గింది. దగ్గు తగ్గే కాలమే అది, కానీ ఆ మాట మా అత్తతో ఎవరనగలరు? వీధిలో చంటిబిడ్డల తల్లులంతా మా గుమ్మం ముందు చేరారు. పక్కింటి ఖాదర్‌బీ కూడా మనవరాలిని చంకనేసుకొని వచ్చి, "మా పిల్లకు గూడా రవంత పెట్టక్కా, చూసినోళ్ళందరూ ముద్దొస్తాదని అంటాండారు" అని పెట్టించుకుపోయింది.

టీచరమ్మ అప్పుడు పరీక్ష పేపర్ల పని మీద కర్నూలు పోయి ఉంది. వచ్చీ రాగానే మా పెద్దోణ్ణి ఎత్తుకుంది. ముద్దు పెట్టుకోవడానికేమో అనుకున్నాను. బుగ్గకు ముక్కు ఆనించి వాసన చూసింది. మళ్ళీ చూసింది. "ఓబులమ్మా, ఈ చాదు యాడిది?" అని అడిగింది. చెప్పాను. వాణ్ణి నా చేతుల్లో పెట్టి, సాన దగ్గరికి పోయి రాయిని చూసింది, పక్కనున్న ఆముదం బుడ్డిని చూసింది, గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. తర్వాత లేచి వీధిలోకి పోయి, అరుగుల మీద ఉన్న పిల్లల బుగ్గలు ఒక్కొక్కటే చూసుకుంటూ చివరి ఇంటి దాకా పోయి వచ్చింది. వచ్చి, నడివీధిలో నిలబడి మా అత్తను పిలిచింది.

"నరసమ్మక్కా, ఏం పని చేసినావు? భూమి పుట్టకముందర సరుకు అది. దాన్ని తెచ్చి ఆముదంలో నూరి పిల్లకాయల మొగాలకు పూసినావే."

"చాదు పిల్లకాయలకు పెట్టక ముసిలోళ్ళకు పెడతారా?"

"చదువు లేకపోతే చేతులన్నా కట్టుకొని కూర్చోవాల."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వీధంతా విన్నది. మా అత్త ముఖం బండ మాదిరి అయింది. "నా చేన్లో పడింది. నా మనవనికి పెట్టుకున్నా. నీ సొమ్మేం పోయింది?" అని పెద్ద చెక్కను కొంగులో చుట్టుకొని లోపలికి పోయింది. దాన్ని ఎక్కడ దాచిందో నాక్కూడా చెప్పలేదు. టీచరమ్మకేమో ఆ రాయే కావాలి. దాని లోపలి గుండెకాయ ఇంకా శుభ్రంగానే ఉంటుందని, ఎవరి చెయ్యీ పడని ఒక ముక్కను తన ప్రొఫెసరు ద్వారా పైదేశానికి పంపి తూయించాలని ఆమె పట్టు. మనవడి కాపుదలను ఊరు దాటించనని మా అత్త పట్టు.

ఆనాటి నుంచి వాళ్ళిద్దరికీ మాటలు లేవు. మాటలు లేవంటే ఇల్లు నిమ్మళంగా ఉందనుకునేరు. ఒకరు అరుగు మీద, ఒకరు గది గుమ్మంలో, మధ్యలో నేను. "ఓబులమ్మా, ఆ రాయి తడి తగలని జాగాలో పెట్టిందేమో మీ అత్తనడుగు." "కోడలా, మా ఇంట్లో ఏది యాడ పెట్టాల్నో మాకు తెలుసని చెప్పు." "పొగ తగలకూడదని చెప్పు." "వంటిల్లన్నాక పొగ లేకుండా ఉంటాదా, వండుకుంటే గదా తెలిసేది, అని చెప్పు." "ఓహో, అయితే వంటింట్లో పెట్టింది." "అట్ల నేను అన్లేదని చెప్పు." నేను ఎవరికీ ఏమీ చెప్పేదాన్ని కాదు, రెండు పక్కలా విననే వింటున్నారు. కానీ నేను అక్కణ్ణుంచి కదిలితే ఇద్దరికీ కోపం. లోపల పొయ్యి మీద కూర అడుగంటేది. అడుగంటిన కూర ఎవరి పంతానికి ఖర్చు రాయాలో నాకు తెలిసేది కాదు.

ఒకరోజు విత్తనం కాయలు ఒలుస్తూ విసుగ్గా అడిగేశాను. "బొగ్గే గదా టీచరమ్మా. మా పొయ్యిలో గంపెడుండాది, తీసుకోండి." ఆమె తిట్టలేదు. నా చేటలో చెయ్యి పెట్టి కాయలు ఏరడం మొదలుపెట్టింది. రెండు పప్పుల కాయలు ఒక కుప్ప, మూడు పప్పుల కాయలు ఒక కుప్ప.

"రెండూ శెనక్కాయలే గదా? రుచి తేడా ఉండాదా?"

"లేదు. మూడు పప్పులది రవంత బరువుంటాది, అంతే."

"బొగ్గులో ఉండే కర్బనం గూడా అంతే. శానా మటుకు తేలికది, ఎక్కడో ఒకటి రవంత బరువైంది. గాలిలో నత్రజని గూడా అట్లనే రెండు తీర్లు. ఇప్పుడు చెప్పు, మీ చేన్లో మూడు పప్పులవి ఎంత పాలు వస్తాయో, బనగానపల్లె చేన్లో గూడా అంతే వస్తాయా?"

"రావు. చేనికొక తీరు."

"గంపెడు కాయలు నీ ముందర పోస్తే?"

"మూడు పప్పులవి ఎన్నుండాయో చూసి ఏ చేనివో చెప్పొచ్చు" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది.

"మరి ఆ గంపలో మీ అత్త వేరే చేని కాయలు దోసిళ్ళతో కుమ్మరిస్తే?"

అప్పుడు అర్థమైంది. ఆముదం చెట్టులో ఉన్నది ఈ భూమి కర్బనం. చెట్లు గాలిలోంచి తేలికదాన్నే ఎక్కువ ఏరుకుంటాయట. అది రాతిలో కలిసిందంటే ఇక ఆ రాయి ఏ చేనిదో చెప్పలేరు. "ఏ చేనిదైతే మనకేమి?" అన్నాను. ఆమె చేటను పక్కకు నెట్టింది. "రొట్టెలకు పిండి కలుపుతావు. రొట్టె కాలినాక దాన్ని చూసి పిండి ఎట్లుండేదో చెప్పలేవు. గిన్నె అంచుకు అంటుకున్న పచ్చిపిండి చూసి చెప్పొచ్చు. సూర్యుడు, భూమి, చందమామ ఇవన్నీ కాలిన రొట్టెలమ్మే. ఆ రాయి గిన్నె అంచున మిగిలిన పిండి." నేను గిన్నె అంచు గీకి ఆఖరి రొట్టె చేసే మనిషిని. "మిగిల్చినోళ్ళు ఎవరో శానా దుబారా మనుషులు" అన్నాను. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే మొదలు. "నీ మాదిరి గీకేసి ఉంటే మనకేమీ తెలిసేది కాదు ఓబులమ్మా" అంది.

నాకు అర్థమైందని తెలిశాక ఆమె నన్ను ఇంకా ఎక్కువ పీడించింది. "సొంతమా, పూసిందా?" అనే ప్రశ్న ఒకటి పట్టుకుంది. పాలు పలచగా ఉన్నాయంటే, "పలచదనం ఎనుము సొంతమా, పాలామె పూసిందా?" ఫలానా ఆమె గర్విష్ఠి అంటే, "ఆమె సొంతమా, వీధి పూసిందా?" పిల్లవాడు మొండివాడంటే అదే, నాకు తలనొప్పి అంటే అదే. ఏ మాటా నేరుగా సాగనిచ్చేది కాదు. చెవులు తూట్లు పడ్డాయి నాకు.

పెద్ద చెక్క దొరకదని తేలాక, చేలో చెదిరిన ముక్కల కోసం నన్ను వెంటబెట్టుకొని పోయింది. నా పట్టకారును ముందు రోజే నిప్పుల్లో కాల్చి పెట్టింది, దాని పిడి మళ్ళీ బిగించుకోవడానికి నాకు కమ్మరి ఖర్చు. చేలో నా తలనూనె వాసన వస్తోందని నన్ను గాలికి కింది వైపు నిలబెట్టింది. ముక్కల మీద వంగి మాట్లాడొద్దంది. ఎండలో మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో ముక్కా పట్టకారుతో ఏరి, నెలరోజులుగా కడుగుతున్న సీసాలో వేసింది. రాయి మెత్తన కదా, దారిలో సీసాకు తగిలి నలుగుతుందని దూది కావాలంది. అంగడి దూది పనికిరాదట. నంద్యాల వైపు నుంచి పత్తి తెప్పించి, నాతో గింజ తీయించి, నలక ఏరించింది. ఒక పక్క మా పెద్దోడు ఏడుస్తుంటే నేను మల్లెపువ్వులాంటి దూది ఏకుతూ కూర్చున్నాను. సీసా బిగించాక దాన్ని వెలుగుకు పట్టి చూసి, "ఇంతకన్నా శుభ్రమైంది ఈ జిల్లాలో లేదు" అంది. మా అత్తకు వినపడాలనే అంది. మా అత్తకు వినపడింది.

సీసా మదరాసు పోయింది, అక్కణ్ణుంచి ఎక్కడికో పోయింది. ఎండాకాలం సెలవులకు టీచరమ్మ కూడా మదరాసు పోయి, సెలవులు ముగియకముందే తిరిగొచ్చింది. సాయంత్రం వేళ, ఆడవాళ్ళంతా అరుగుల మీదే ఉన్నారు. స్టేషన్ నుంచి నేరుగా వచ్చి, చేతిలో ట్రంకుపెట్టె దించకుండానే మా అరుగు ముందర నిలబడింది. మా అత్త జొన్నలు చెరుగుతోంది, తలెత్తలేదు. నేను అలవాటు కొద్దీ మధ్యకు పోబోయాను. "నువ్వు పక్కకుండు ఓబులమ్మా. అక్కతోనే చెప్తాండా" అంది.

"అక్కా, నేను పంపిన రాయి చెడిపోయింది. దాంట్లో చెట్టు కర్బనం కలిసింది."

మా అత్త చేట ఆగిపోయింది. "నా ఆముదమా?" అంది. ఆ గొంతులో పౌరుషం లేదు, భయముంది. పైకి ఎంత బింకంగా తిరిగినా, ఏదో పెద్ద దాన్ని పాడుచేశానేమోనన్న బరువు ఇన్నాళ్ళూ ఆమె మోస్తూనే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"కాదు. నీ ఆముదం ఆ ముక్కలను తగలనే లేదు. నా దూది. ముక్కలు దూదికి ఒరుసుకొని పొడి అయినాయి. పోగులు పొడిలో కలిసిపోయినాయి. తూచినోళ్ళకు పత్తిచేను కనపడింది గానీ ఆకాశం కనపడలేదు. నూనె, మసి, చెమట, జిడ్డుగా నల్లగా ఉండేవన్నీ చూసుకున్నా. దూది తెల్లగా ఉండాది గదా అని దాన్ని అడగలేదు, సొంతమా పూసిందా అని. నీకు చదువు లేదని ఈ నడివీధిలోనే అంటి. చదువుకొని నేను చేసింది ఇది. ఆ మాట వెనక్కి తీసుకుంటాండా."

మా అత్త చేటలోంచి ఒక మట్టిబెడ్డ ఏరి పారేసింది.

"తెల్లనివన్నీ పాలని నువ్వు గూడా నమ్మినావా టీచరమ్మా?"

"నమ్మినా."

"మళ్ళా రాయి అడిగేదానికి వచ్చినావా?"

"లేదు. అది నీ మనవనిది. ఈ మాట చెప్పిపోదామని వచ్చినా."

"ఓబులమ్మా" అంది మా అత్త, నా వైపు తిరిగి, "టీచరమ్మను పెట్టె దించుకోమను. మజ్జిగ ఇయ్యి."

ఆ రోజు గిన్నెలు తోముతూ నేను ఒకటే ఆలోచించాను. ఆముదం అని ఒక్క మాట అంటే సరిపోయేది. వీధి నమ్మేది, మా అత్త నమ్మేది, నేను కూడా నమ్మేదాన్ని. దూది సంగతి మదరాసులోనే ఉండిపోయేది. అంత అనువుగా ఎదురుగా పెట్టి ఉన్న అబద్ధాన్ని ఆమె కన్నెత్తి చూడలేదు. ఎవరినైనా ఏమైనా అనే ఆ నోరు తనను కూడా వదలలేదు. అన్నాళ్ళూ ఆమె కడుగుడంతా చాదస్తమనుకున్నాను. ఆ పూట మాత్రం బిందెడు నీళ్ళు ఎందుకు ఒంపేదో తెలిసినట్టయింది. కనపడనిది తన చేతి మీద కూడా ఉండొచ్చని ఆమెకు ఎప్పుడూ అనుమానమే.

కొన్నాళ్ళకు ఒక పొద్దున సాన చప్పుడు మొదలైంది. మధ్యాహ్నమైనా ఆగలేదు. పోయి చూస్తే మా అత్త రాయిని ముందేసుకొని అరగదీస్తోంది. వంటింట్లో కాదు, జొన్నల గుమ్మి అడుగున దాచిందట దాన్ని. ఒక టెంకాయ చిప్ప నిండా నల్లని చాదు. "భుజాలు పోతాయి, అంతెందుకత్తా?" అంటే ఇంకా గట్టిగా రుద్దింది. సాయంత్రం నా పట్టకారు అడిగి తీసుకుంది. ఆ పట్టకారుతో, చెయ్యి తగలనివ్వకుండా, మిగిలిన రాయిని పట్టుకొని టీచరమ్మ గది గుమ్మం దగ్గరికి పోయింది.

"ఇదో. ఆముదం తగిలిన పక్కంతా అరగదీసి నా చిప్పలో వేసుకున్నా. మనవని పెళ్ళిదాకా వస్తాది. ఇది తగలని పక్క. నీది."

టీచరమ్మ నోరు తెరిచింది. ఏమనబోతోందో నాకు తెలుసు. నూనె అంతటితో ఆగదు, లోపలికి ఇంకుతుంది, ఇంకా లోపలిది కావాలి అని. ఆమె నోరు మూసుకుంది. నేనెరిగినంతలో ఆమె చెప్పదలుచుకున్న మాట చెప్పకుండా మింగింది ఆ ఒక్కసారే. "మంచిదక్కా" అని రెండు చేతుల్లో గాజుపళ్ళెం పట్టింది. మా అత్త పోయాక తలుపు దగ్గరికేసి, పైపొరంతా మళ్ళీ చెక్కి, లోపలి గుండెకాయ ఒక్కటి తీసుకుంది. చెక్కిన పొడిని కాగితంలో పెట్టి, "మీ అత్త చిప్పలో కలుపు. దండగ యాల?" అని నాకిచ్చింది. నా దగ్గర ఆమె నేర్చుకున్నది అదొక్కటే. ఈసారి సీసాలో దూది లేదు, ఏమీ లేదు. కుదుపులకు నలగకుండా మదరాసు దాకా సీసాను ఒళ్ళో పెట్టుకొని కూర్చొని పోయిందట.

జవాబు వచ్చేలోపే ఆమెకు కడప బదిలీ అయింది. మా పెద్దోడికి అక్షరాభ్యాసం చేసినప్పుడు ఆమె చేతనే దిద్దించాలని మా అత్త కబురు పెట్టించింది. అప్పటికి మా అత్తకు చూపు సరిగా లేదు, చెవి కూడా మందగించింది. టీచరమ్మ బియ్యంలో వాడి వేలు పట్టి దిద్దించి, లేచి వచ్చి మా అత్త చెవి దగ్గర వంగింది. "అక్కా, సొంతమే. తూచినారు. ఆ బరువు పాలు ఈ భూమ్మీద ఏ చెట్టులోనూ లేదంట. నత్రజని సంగతి ఇంగా తెమల్లేదు గానీ, కర్బనం మాత్రం దాని సొంతమే. ఈడిది కాదు."

"నేను మొదట్నే చెప్పలా, దేవుని సొమ్మని" అంది మా అత్త.

"దేవునిదని అది చెప్పలేదక్కా. ఈడిది కాదని మటుకే చెప్పింది."

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు."

పీటల మీద అతిథులు కూర్చొని ఉన్నారు, నా చేతిలో పాయసం గిన్నె చల్లారిపోతోంది, వాళ్ళిద్దరూ నన్ను మధ్యలో నిలబెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. "ఓబులమ్మా, మీ అత్తకు చెప్పు." "కోడలా, టీచరమ్మకు చెప్పు." నేను ఇద్దరి ఆకుల్లోనూ పాయసం వడ్డించి నా పని నేను చూసుకున్నాను.

ఇద్దరూ పోయి చాలా కాలమైంది. ఆ చిప్ప మా అత్త అన్నట్టే చాలా ఏళ్ళు వచ్చింది. వాడి పెళ్ళిలో బుగ్గన చుక్క పెట్టింది దాంట్లోంచే. పెళ్ళి అంటే గుర్తొచ్చింది, ఆ సంబంధం చూసేటప్పుడు పిల్లకు పొగరని బంధువులంతా నా చెవిన వేశారు. "పిల్ల సొంతమా, మీరు పూసిందా?" అని అడిగాను. పోయి చూసి, మాట్లాడి, ఈ కోడల్ని తెచ్చుకున్నాను. పొగరు ఉంది, లేదనను. కానీ వాళ్ళు చెప్పినంత లేదు, ఉన్నది తనదే. ఆ ప్రశ్న నన్ను కూడా నిమ్మళంగా ఉండనివ్వలేదు. కోపంతో ఒక మాట అన్నాక, ఆ కోపం ఎదుటి మనిషి తెచ్చిందా, నేను ఇంట్లోంచి మోసుకొచ్చిందా అని గిన్నెలు తోముతుంటే టీచరమ్మ అడుగుతుంది. బద్వేలు మాటల్లోనే అడుగుతుంది. విసుగొస్తుంది. చచ్చి కూడా వదలని మనిషి.

బయట డ్రమ్ము ఇంకా కాగుతూనే ఉంది. కోడలు వచ్చి, "కిటికీ అన్నా మూసేదా అత్తా?" అంది. "వద్దు. దాని వాసన దాన్ని రానీ" అన్నాను. ఆమె కాసేపు అక్కడే నిలబడి, ముక్కు మీది కొంగు తీసి, ఒకసారి గాలి పీల్చి చూసింది.

"తారే అత్తా" అంది విసుగ్గా.

తారే మరి. ఏమీ పూయకపోతే తారు తారు వాసనే వస్తుంది. ఇంకేం వస్తుందనుకుంది?